లేత గుమ్మడికాయ గింజలు మొలుస్తాయా? కాయ కోసేముందు ఒక్కసారి చూడండి

అందరికీ నమస్తే అండీ. ఇదిగో, ఇది నిన్న కోసిన కాయ, తొక్క ఇంకా పచ్చగానే ఉంది, గోరు పెడితే దిగిపోతోంది చూడండి. కావలి దగ్గర మా పెరట్లో వానలకి పాదు కుళ్లిపోయింది, కాయలు ముదరకముందే కోసేశాం. కూరకి పర్లేదు, మరి విత్తనానికి?

ముందు కాయ వయసు చూసుకోవాలి. గింజ బాగా ముదరాలంటే పిందె పడ్డాక 45 నుంచి 60 రోజులు పడుతుంది. 20 రోజుల్లోపు కాయైతే విత్తనం మాట మర్చిపోండి. 35, 40 రోజులు దాటితే మాత్రం వదలొద్దు. నేనైతే పిందె పడిన రోజే తొడిమకి గుడ్డపీలిక కట్టి తేదీ రాసి పెడతా. తేదీని తొక్క మీద గీకితే అక్కణ్ణుంచే కుళ్లు మొదలవ్వొచ్చు, ఆ పని చేయకండి.

ఇప్పుడు అసలు విషయం, కాస్త జాగ్రత్తగా వినండి. కాయని వెంటనే పగలగొట్టొద్దు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వానలకి పాదు మునిగితే, కాయలు కోసిన రోజే పగలగొట్టి గింజలు తీశాను. ఎండబెట్టి సంక్రాంతి తర్వాత నాటితే ఒక్కటీ మొలవలేదు. చాలా బాధేసింది, ఆ రకం మా అమ్మ ఎన్నో ఏళ్లుగా కాపాడుకుంటూ వచ్చింది. అదృష్టం, రెండు కాయలు వంటింటి మూలనే ఉండిపోయాయి, నెల దాటాక వాటి గింజలు మొలిచాయి. కాయ కోశాక కూడా గింజ లోపలి కండలోంచి బలం లాక్కుంటూనే ఉంటుంది, అందుకే తొడిమ ఉంచి కోసి, దెబ్బ తగలకుండా, గాలి తగిలే నీడలో నెల రోజులు పెట్టండి. వారానికోసారి తిప్పి చూడండి, మెత్తబడితే మాత్రం అప్పుడే పగలగొట్టేయండి.

ఇది నెల పెట్టిన కాయ. కోశా, గింజలు తీశా, కడిగా, జిగురు పోయేదాకా రుద్దాలి, అంతే. ఇటు చూడండి, దగ్గరికి తెస్తున్నా. ఈ గింజ నడుమ ఉబ్బెత్తుగా ఉంది, గోళ్లతో నొక్కితే గట్టిగా ఉంది. ఇది పలచగా ఉంది, రెండు పొరలూ అతుక్కుపోయాయి, లోపల పప్పే లేదు, దీన్ని పారేయండి. నీళ్లలో తేలినవన్నీ తాలని మాత్రం పారేయకండి, గుమ్మడిలో మంచి గింజలు కూడా తేలతాయి.

ఇక ఆరబెట్టడం. మన ఎండల్లో మిద్దె మీద వేయొద్దు, పచ్చి గింజ ఉడికిపోతుంది. నీడలో ఫ్యాను కింద చేటలో ఆరబోయండి, నాకైతే చేటే ఇష్టం, పేపరుకి గింజ అతుక్కుంటుంది. 10, 15 రోజులకి వంచితే టక్కున విరగాలి. విరక్కుండా వంగిందంటే ఇంకా ఆరాలి.

నాటేముందు 10 గింజలు తడిగుడ్డలో చుట్టి పెట్టండి. ఇదిగో, ఇది ఆరో రోజు, విప్పుతున్నా… ఒకటి, రెండు, మూడు… ఆరు మొలిచాయి! ఇదిగో, తెల్లగా వేరు వచ్చింది. అందుకే గుంటకి మూడేసి గింజలు పెడుతున్నా, ఆ పాదుల దగ్గరికి వెళ్దాం రండి.