గుడ్డు పెట్టని ఈగ: జాలారిపేట ఇసుకలో మాంసపు ఈగల వేట

[దృశ్యం: విశాఖ పెదజాలారిపేట, పొద్దున్న ఎనిమిది. ఇసుకలో పరిచిన వల మీద ఆరబోసిన చేపలు. ఈగల రొద.]

ఈ చేపల మీద ఎన్ని రకాల ఈగలున్నాయో చూడండి. తళతళలాడేవి పచ్చ ఈగలు, చిన్నపిల్లలైనా పోల్చేస్తారు. చిన్నగా బూడిదరంగులో ఉన్నవి మనింట్లో తిరిగేవే. ఇక అదిగో, ఆ చివర... కొంచెం పెద్దది, ఒళ్లంతా గరుకు వెంట్రుకలు, ఎర్రటి కళ్లు. తిని బలిసిన ఇంటీగ అనుకుంటారు చాలామంది. కాదు. అది మాంసపు ఈగ. కుటుంబం సార్కోఫాజిడే.

[దగ్గరగా: గాజు డబ్బాలో ఈగ, వీపు వైపు]

వీపు మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. మూడు. ఇంటీగకైతే నాలుగు. కిందికి రండి, పొట్ట మీద చదరంగం బల్లలా గళ్లు. ఇప్పుడు డబ్బాని మెల్లగా తిప్పుతున్నా, ఒక్క గడి మీదే కన్నేసి ఉంచండి... నల్లది తెల్లబడింది! ఒంటి మీదున్న సన్నటి నూగు అలా చేస్తుంది. నెమలికంఠం పట్టుచీర కొంగు తిప్పితే రంగు మారినట్టే. అందుకే ఒకే ఈగ రెండు ఫొటోల్లో రెండు ఈగల్లా కనిపిస్తుంది.

గీతలొక్కటే చూసి తేల్చేయకండి. పది రెట్ల లెన్సు ఉంటే ముఖం ముందున్న మీసం చూడండి. దాని మీద అరిస్టా అని ఒక సన్నటి తీగ ఉంటుంది. ఇంటీగలో అది కొస దాకా ఈక లాగే ఉంటుంది. మాంసపు ఈగల్లో ఎక్కువగా సగం దాకానే ఈక, ఆ పైన నున్నగా ఉంటుంది.

[దృశ్యం: చేపలు తిరగేస్తున్న చేతులు]

నేను డబ్బా పట్టుకుని కూర్చుంటే చేపలు తిరగేస్తున్న అమ్మ ఒకామె నవ్వింది. "అది గుడ్డెట్టదు బాబూ, పురుగునే ఎట్టేస్తాది." అక్షరాలా నిజం. ఈ ఈగల గుడ్లు తల్లి కడుపులోనే పొదుగుతాయి.

[దగ్గరగా: డబ్బాలో చేప ముక్క. ఈగ పొట్ట చివర నుంచి తెల్లటి పురుగు జారుతుంది.]

బియ్యపు నూకంత కూడా లేదు, అప్పుడే పాకుతోంది. ఈ పురుగు ఊపిరి రంధ్రాలు వెనక వైపు ఒక గుంటలో ఉంటాయి, కుళ్లు నీటిలో తల ముంచి తింటున్నా గాలి ఆడుతుంది. గుడ్డు కాక పురుగునే పెట్టడం నేరపరిశోధనలో కీలకం. శవం మీది పురుగు వయసు బట్టి చనిపోయిన సమయం అంచనా వేస్తారు. పచ్చ ఈగైతే గుడ్డు పొదిగే గంటలు కలపాలి, దీనికి ఆ లెక్క లేదు. అది ఏ ఈగో మనం తప్పుగా పోల్చితే ఆ గడియారమే తప్పుతుంది.

పేరు చూసి అన్నీ మాంసం మీదే బతుకుతాయనుకోకండి. మట్టిగూడు కట్టే కందిరీగల వెనకే ఎగిరి, అవి పిల్లల కోసం దాచిన తిండి మీద తమ పురుగుల్ని వదిలేవీ ఉన్నాయి ఈ కుటుంబంలో. దొంగ కోడళ్లు!

ఇక "అన్నా, ఇది ఏ జాతి?" అని ఫొటోలు పంపేవాళ్లకు. చెప్పలేను. ప్రపంచంలో ఈ కుటుంబంలో 3,000కు పైగా జాతులున్నాయి, ఒక్క సార్కోఫాగా ప్రజాతిలోనే, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపులోనే, 800కు పైగా. పైకి చాలావరకు ఒకటే అచ్చు. తేడా అంతా మగ ఈగ జననాంగాల్లో ఉంటుంది. తాళంచెవి పళ్లలా జాతికో ఆకారం. చచ్చిన ఈగ ఎండి బిగుసుకోక ముందే కొక్కెం సూదితో పొట్ట చివర బయటికి లాగి ఆరబెట్టాలి. పోయినేడు నేను బద్ధకించి నాలుగు రోజుల తర్వాత లాగాను. పుటుక్కున విరిగింది. ముక్క ఎటు పోయిందో ఇప్పటికీ దొరకలేదు.

ఈగని దాచిపెట్టడానికి గుచ్చే సూది కూడా వీపు నడిమధ్య గుచ్చకండి, కొంచెం కుడికి. మధ్య గీత చెడకూడదు.

[దృశ్యం: మేడ మీద మూత కట్టిన సీసా, అడుగున ఇసుక]

మరి నాకు దొరికింది ఆడది కదా? అందుకే దాని పురుగుల్ని చేప ముక్కతో సహా ఇంటికి తెచ్చాను. వాసనకి ఇంట్లోవాళ్లు సీసాని మేడ ఎక్కించారు, వాళ్లను తప్పు పట్టలేను. బాగా తిన్నాక పురుగులు ఇసుకలోకి దూరి, గోధుమరంగు గింజల్లా గట్టిపడ్డాయి. పదహారో రోజు పొద్దున్న మూత గుడ్డకి అతుక్కుని ఐదు ఈగలు. రెక్కలింకా ముడతలుగానే ఉన్నాయి.

[దగ్గరగా: పొట్ట చివర నిగనిగలాడే ఎర్రటి బుడిపె]

మూడింటికి ఈ ఎర్ర బుడిపె ఉంది. మగవి. రెక్కలు ఆరి ఒళ్లు గట్టిపడే దాకా ఒక రోజు ఆగి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, అదే పూట సూది పట్టాను. చీటీ మీద తల్లి దొరికిన చోటు, తేదీ, "ఎండు చేపల మీద" అని రాశాను. ఈసారి ఏదీ విరగలేదు.