గుంట మగ్గాన్ని ఎలా మోసుకెళ్తారు?

అందరికీ నమస్కారమండీ. స్టేజీ మీద పెద్దలందరి పేర్లూ చెప్పాలి గానీ నాకిచ్చిన టైమ్ తక్కువ, ఏమీ అనుకోవద్దు. గ్రంథాలయ వారోత్సవాలు కాబట్టి పుస్తకాల గురించి మాట్లాడమన్నారు, కానీ మన చీరాల గురించి పుస్తకాల్లో లేని సంగతులే నన్ను ఎక్కువ బాధపెడుతున్నాయి, అవే చెప్తాను.

చీరాల పేరాల ఉద్యమం అనగానే పిల్లలు టకటకా చెప్పేస్తారు, 1921, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆయన కూడగట్టిన వాలంటీర్ల దళం రామదండు, గాంధీ గారు వచ్చారు. అన్నీ కరెక్టే. ఊరు మొత్తానికి నాలుగు వేల రూపాయలున్న పన్ను మున్సిపాలిటీ అయ్యేసరికి నలభై వేలకి పోయింది, నేతపని వాళ్లు ఎక్కడ్నుంచి తెస్తారండీ? కట్టం అన్నారు. ఊరే వదిలేసి బయట రామ్‌నగర్‌లో పాకలేసుకున్నారు, 11 నెలలు. 15 వేల చిల్లర జనాభాలో 13 వేల మందికి పైగా పోయారంటే ఊళ్లో ఇంక ఎవరున్నట్టు?

మా నాయనమ్మ అప్పటికి చిన్నపిల్ల. ఆవిడ ఉపన్యాసాల గురించి ఎప్పుడూ చెప్పలేదు, మగ్గం గురించి చెప్పేది. మనది గుంట మగ్గం కదా, నేలలో గుంట తవ్వి అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసేది. దారాలు పట్టే అచ్చు తీస్తారు, అటూ ఇటూ విసిరే నాడె తీస్తారు, పడుగు నూలు చుట్టి నెత్తిన పెట్టుకుంటారు, గుంటని ఎలా మోసుకెళ్తారు? అక్కడ మళ్లీ తవ్వారంట. వానొస్తే గుంట నిండా నీళ్లు, వాళ్లమ్మ చెంబుతో తోడిపోసేదంట, తడి ఆరేదాకా కాళ్లు పెట్టడానికి లేదు, నేత లేదు, నేత లేకపోతే కూలి లేదు. ఒక్కసారి ఆలోచించండమ్మా, ఇది త్యాగం కాదా?

గోపాలకృష్ణయ్య గారిని నేను తక్కువ చెయ్యట్లేదు. ఎడిన్‌బరోలో ఎమ్మే చదివినాయన మనూరి జనంతో పాటు నిలబడ్డాడు, బరంపురంలో సర్కారు మాట్లాడొద్దన్నా మాట్లాడి ఏడాది జైలుకి పోయాడు, తిరుచిరాపల్లికి. ఆయన జైల్లో ఉంటే పాకల్లో వాళ్లకి దిక్కు ఎవరు? చివరికి జనం ఇళ్లకి తిరిగొచ్చి పన్ను కట్టాల్సొచ్చింది. దాన్ని ఓడిపోయారు అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు ఒళ్లు మండుతుంది. 11 నెలలండీ! ఒక వానాకాలం, ఒక చలికాలం. ఎన్ని ఇళ్లల్లో పొయ్యి వెలగలేదో, ఎంతమంది ఆడవాళ్లు ఆ పాకల్లో పురుడు పోసుకున్నారో ఎవరు రాశారు?

రామ్‌నగర్ వాళ్లు ఎవరన్నా వచ్చారా? ఆ వెనకాల చెయ్యెత్తారు, సంతోషం అమ్మా. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇవాళే కూర్చోబెట్టి అడగండి, ఫోన్లో రికార్డ్ చెయ్యండి, మళ్లీ చూద్దాంలే అనుకోవద్దు, మా నాయనమ్మని నేను అడగాల్సినవి ఇంకా ఎన్నో ఉండిపోయినయ్. పాత పన్ను రసీదు, ఫోటో, ఉత్తరం, చెదలు పట్టింది అయినా సరే పారెయ్యకండి. వచ్చే ఆదివారం పొద్దున ఈ లైబ్రరీలోనే ఉంటాను, పట్టుకురండి, మీ ముందే స్కాన్ చేసి మీ చేతికి ఇచ్చేస్తాను.