కరెంటు వస్తోంది సరే, ఎర్తింగ్ కొలిచారా?

శ్రోతలకు నమస్కారం.

విజయవాడ పటమటలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో ఫ్లాటు చూడటానికి వెళ్ళినవాళ్ళు టైల్స్ తట్టి చూస్తారు, కుళాయిలు తిప్పి చూస్తారు, ఫోన్లో దిక్సూచి పెట్టి వాస్తు చూస్తారు. కరెంటు సంగతికొస్తే స్విచ్చి వేస్తారు, లైటు వెలుగుతుంది, అంతటితో సరి. లైటు వెలగడానికి కరెంటు తెచ్చే ఫేజు, దాన్ని తిరిగి తీసుకెళ్ళే న్యూట్రల్ ఉంటే చాలు. లీకైన కరెంటును నేలలోకి దించే ఎర్త్ వైరు అసలు లాగకపోయినా వెలుగుతుంది. గోడలో ఇన్సులేషన్ చెడిపోయినా వెలుగుతుంది. స్విచ్చి ఫేజును కాకుండా న్యూట్రల్‌ను కట్ చేస్తున్నా వెలుగుతుంది. ప్రాణం మీదికి తెచ్చేవి ఈ మూడే. వీటిలో ఏదీ పైకి కనిపించదు, మీటరు పెట్టి కొలిస్తేనే తెలుస్తుంది.

ముందు డీబీ, అంటే ఇంట్లో కరెంటును సర్క్యూట్లకు పంచే పెట్టె, దాని తలుపు తెరిచి చూద్దాం. లోడు మీరితే వాటంతటవే కరెంటు ఆపే స్విచ్చిలు, అంటే ఎంసీబీలు, వరసగా ఉంటాయి. చాలామంది వాటిని చూసి ఇంట్లోవాళ్ళకు భయం లేదనుకుంటారు. ఎంసీబీ కాపాడేది వైరును. మనిషి ప్రాణానికి హామీ ఇవ్వడం దాని పని కాదు. ఒక లెక్క చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి.

ఫ్రిజ్‌లో ఫేజు తీగ ఊడి బాడీకి తగిలిందనుకుందాం. మన వీధి సరఫరాలో స్తంభం నుంచి ఇంటికి వచ్చేవి మామూలుగా ఫేజు, న్యూట్రల్ మాత్రమే. ఎర్త్‌కు మన గొయ్యి మనమే తవ్వుకోవాలి. కాబట్టి ఆ లీకేజీ కరెంటు మన గొయ్యిలోకి దిగి, నేల గుండా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్‌కు చేరాలి. మన గొయ్యి నిరోధం 20 ఓమ్‌లు, అవతలివైపు 3 ఓమ్‌లు అనుకుంటే, 230 వోల్టులకు పారేది 10 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడే, ట్రిప్ అవదు, అంటే దిగిపోయి కరెంటు ఆపదు. ఆ 10 ఆంపియర్లు 20 ఓమ్‌ల గుండా పోతున్నంతసేపూ ఫ్రిజ్ బాడీ మీద 200 వోల్టులు నిలిచే ఉంటాయి. ఎర్తింగ్ చేయించిన ఇంట్లోనే సుమా! గొయ్యిని బాగుచేసి 5 ఓమ్‌లకు తెచ్చినా కరెంటు 29 ఆంపియర్ల దగ్గర ఆగుతుంది, ఎంసీబీ దిగడానికి నిమిషాలు పట్టొచ్చు.

అందుకే లీకేజీని పసిగట్టి కరెంటు ఆపే ఆర్‌సీసీబీ అనే పరికరం. ఫేజులో వెళ్ళిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అన్నదే అది చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే 0.3 సెకనులోపే దిగిపోతుంది. పది మిల్లీ ఆంపియర్లు దాటితే పట్టుకున్న తీగను చెయ్యి వదలలేదు. 30 దాటి కొంతసేపు పారితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఆ 30 అంకె అందుకే వచ్చింది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనలు చిన్న లోడు కనెక్షన్లను మినహాయించి మిగతావాటికి ఈ పరికరం తప్పనిసరి చేశాయి. ఆ మినహాయింపు నాకు నచ్చదు. ఒక గది ఇంట్లో కొట్టినా షాక్ షాకే.

డీబీలో ఆర్‌సీసీబీ ఉన్నంత మాత్రాన పని చేస్తోందని కాదు. దాని మీద టీ అక్షరమున్న బటన్ నెలకోసారి నొక్కండి, దిగాలి. అయితే ఆ బటన్ చెప్పేది పరికరం సంగతే, ఎర్తింగ్ సంగతి చెప్పదు. ఇక కొన్నిచోట్ల పరికరం ఉంటుంది కానీ దాన్ని తప్పించి పక్కనుంచి జంపరు తీగ వేసి ఉంటుంది. ‘ఊరికే ట్రిప్ అవుతోందండీ’ అంటే వచ్చినాయన చేసిన వైద్యం అది. ఆర్‌సీసీబీ ఊరికే దిగదు. రెండు సర్క్యూట్ల న్యూట్రళ్ళు కలిసిపోయి ఉంటాయి, ఇన్వర్టరు న్యూట్రల్ తప్పు లింకులో, అంటే న్యూట్రళ్ళు బిగించే వేరే పట్టీలో, పడి ఉంటుంది, లేదంటే గీజరు ఎలిమెంటు చిల్లుపడి ఉంటుంది. కారణం పట్టుకోవడానికి ఎంసీబీలన్నీ దింపి, ఒక్కొక్కటే ఎక్కిస్తూ పోతారు. అక్కడో చిక్కుంది. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజునే తెంచుతుంది. న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌కు తగులుతుంటే, ఆ సర్క్యూట్ ఎంసీబీ దింపినా, వేరే సర్క్యూట్‌లో లోడు పడగానే ఆర్‌సీసీబీ దిగుతుంది. కాబట్టి మెయిన్ ఆపి, న్యూట్రల్ లింకు నుంచి ఒక్కో తీగనూ విప్పి, దానికీ ఎర్త్‌కూ మధ్య ఇన్సులేషన్ నిరోధం కొలిచే మెగ్గర్ పెట్టి చూడాలి. గంట పని. జంపరు రెండు నిమిషాల పని. తేడా అంతా అక్కడే ఉంది.

ఆర్‌సీసీబీకీ పరిమితులున్నాయి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దానికి మీరూ ఒక బల్బులాగే కనిపిస్తారు, దిగకపోవచ్చు. ఓవర్‌లోడు కూడా దానికి పట్టదు. రెండు పనులూ ఒకేదానిలో కావాలంటే ఆర్‌సీబీఓ అడగండి.

ఎర్తింగ్ పరీక్ష అనగానే మనవాళ్ళు 100 వాట్ల బల్బు తెచ్చి ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య పెడతారు. ‘చూడండి, ఎంత బాగా వెలుగుతోందో’ అంటారు. ఆ బల్బు నిరోధమే దాదాపు 530 ఓమ్‌లు. ఎర్త్ 50 ఓమ్‌లు ఉన్నా అది కాస్త తగ్గి వెలుగుతుంది, అంతే. 50 ఓమ్‌ల ఎర్త్ పనికిమాలినదని బల్బు చెప్పలేదు. ఎర్త్ టెస్టరు తెచ్చి, నేలలో రెండు మేకులు దూరంగా పాతి కొలవాలి. అంతకుముందు మెయిన్ ఆపి, గొయ్యి నుంచి ఎర్త్ వైరు విప్పాలి. సెల్లారంతా కాంక్రీటు పోసిన అపార్ట్‌మెంట్లలో మేకులకు చోటుండదు కాబట్టి మేకులు లేకుండానే కొలిచే లూప్ టెస్టరు వాడతారు. ఇంటికి 5 ఓమ్‌ల లోపు వస్తే మంచిది. కొలవడానికి సరైన నెల మే. గుంటూరు వైపు నల్లరేగడి ఎండకు నెర్రెలిచ్చి గొట్టం చుట్టూ ఖాళీ వస్తుంది, వానాకాలంలో నాలుగున్న అంకె అప్పటికి చాలా పెరిగిపోతుంది. ఎర్త్ గొయ్యిలో 40 ఎం.ఎం. జీఐ గొట్టం, అంటే జింకు పూత పూసిన ఇనుప గొట్టం, రెండున్నర మీటర్లు నిలువుగా దిగాలి. ఉప్పు ఎక్కువ పోస్తే మొదట్లో అంకె తగ్గుతుంది, కొన్నేళ్ళకు గొట్టమే తినేస్తుంది.

వైర్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. లైట్లు, ఫ్యాన్లకు ఒకటిన్నర చదరపు ఎం.ఎం. వైరు, దానికి 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ. పవర్ ప్లగ్గుకు రెండున్నర, 16 ఆంపియర్లు. ఏసీకి, గీజరుకు విడిగా 4 చదరపు ఎం.ఎం., 20 ఆంపియర్లు. ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. ఏసీ కొన్నాక ఎంసీబీ దిగుతోందని 32 ఆంపియర్లది వేయించడం మన ఊళ్ళలో మామూలైపోయింది. ఆ తర్వాత ఎంసీబీ దిగదు నిజమే, గోడలో వైరు కాలుతుంది. మామూలు పీవీసీ వైరు లోపలి రాగి 70 డిగ్రీలు దాటకూడదు. బెజవాడ ఎండలో 45 డిగ్రీలు బయటే ఉంటే, లోడుకు మిగిలేది 25 డిగ్రీలే.

కొత్త వైరింగ్ పూర్తయ్యాక మెగ్గర్ పరీక్ష తప్పనిసరి. ఇన్వర్టరు, ఎల్‌ఈడీ లైట్లు, ప్లగ్గుల్లో ఉన్నవన్నీ తీసేయాలి. లేకపోతే 500 వోల్టుల డీసీకి అవే పాడవుతాయి. ఫేజు, న్యూట్రల్ కలిపి ఎర్త్‌కు కొలిస్తే ఒక మెగా ఓమ్‌కు తగ్గకూడదు. కొత్త వైరింగ్‌లో ఒకటీ రెండూ వస్తుంటే సంతోషించకండి, ఎక్కడో తడి చేరింది. లైసెన్సున్న కాంట్రాక్టరు ఇచ్చే టెస్ట్ రిపోర్టులో ప్రతి సర్క్యూట్ మెగ్గర్ అంకె, ఎర్త్ ఓమ్‌లు, ఆర్‌సీసీబీ దిగిన సమయం విడివిడిగా రాసి ఉండాలి. అంతా ‘ఓకే’ అని ఒక్క సంతకం పెట్టిన కాగితం పనికిరాదు.

అపార్ట్‌మెంటుకు ఇంకొన్ని నియమాలు కలుస్తాయి. భవనం 15 మీటర్లు దాటితే, సరఫరాకు దరఖాస్తు పెట్టేముందు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు 30 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలని నిబంధన ఉంది. మొత్తం భవనానికి కరెంటు ఒక్కసారిగా ఆపే స్విచ్చి, సరఫరా మొదలయ్యేచోట అందరికీ కనిపించేలా, నేలకు 1.7 మీటరుకు మించని ఎత్తులో ఉండాలి. మన సెల్లార్లలో దాని ముందు పాత సోఫాలు, సైకిళ్ళు ఉంటాయి. కేబుళ్ళు పైకెక్కే డక్టులో నీళ్ళ గొట్టాలు, గ్యాసు గొట్టాలు కలపకూడదు. ప్రతి అంతస్తు దగ్గరా ఆ డక్టును మంట పాకకుండా మూసేయాలి. మూయకపోతే అది నిలువు పొగగొట్టమే, కింద మీటరు బోర్డులో అంటుకున్న నిప్పు తాలూకు పొగ అయిదో అంతస్తులో నిద్రపోతున్నవాళ్ళకు చేరుతుంది. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో కోవిడ్ కేంద్రంగా వాడుతున్న హోటల్లో మంటలు లేచి పది మంది చనిపోయారు. షార్ట్ సర్క్యూట్ అయ్యుండవచ్చని అధికారులు అప్పట్లో ప్రాథమికంగా చెప్పారు.

త్రీఫేజు ఉన్నచోట ఒక సూచన గుర్తుపెట్టుకోండి. కొన్ని లైట్లు మరీ ఎక్కువగా వెలుగుతూ, కొన్ని మసకబారితే న్యూట్రల్ పోయినట్టే. ఇంట్లో 230 రావలసిన చోట 400 దాకా రావచ్చు. టీవీ, ఫ్రిజ్ స్విచ్చిలు ఒక్కొక్కటే ఆపుతూ కూర్చోకుండా ముందు మెయిన్ దింపి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి.

ఇక వరద. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం ఇళ్ళల్లోకి నీళ్ళు వచ్చినప్పుడు కింది ప్లగ్గులన్నీ మునిగాయి. నీళ్ళు తీశాక పైకి ఎండినట్టుంటుంది కానీ గోడలోని గొట్టాల్లో నీళ్ళు వారాల తరబడి నిలుస్తాయి. మునిగిన ఎంసీబీ, ఆర్‌సీసీబీలను ఎండలో పెట్టి మళ్ళీ బిగించకండి. లోపలి స్ప్రింగుల్లో చేరిన బురద వాటిని దిగాల్సినప్పుడు దిగనివ్వదు, మార్చేయడమే. ప్లగ్గులు, స్విచ్చిలు కూడా అంతే. గొట్టాల్లోని వైరు లాగి తీసి, గొట్టంలో గాలి ఊది, తర్వాత కొత్త వైరు వేయండి. వైరు మార్చే స్తోమత వెంటనే లేకపోతే, ఒక్కో సర్క్యూట్‌నూ విడిగా మెగ్గర్ చేయించి, ఒక మెగా ఓమ్ దాటినదాన్నే ఎక్కించండి. మిగతావాటి ఎంసీబీ దింపి, న్యూట్రల్ కూడా లింకు నుంచి విప్పించి, ఇంట్లో ఎవరూ తెలియక ఎక్కించకుండా దాని మీద టేపు అంటించి ఉంచండి. సెలవు.