మృదంగం మీద మీ ‘నం’ ఎందుకు మోగట్లేదు?

నమస్తే. మాట్లాడే ముందు రెండు దెబ్బలు వినిపిస్తాను.

(టక్... నంమ్...)

రెండూ ఇదే మృదంగం మీద, ఇదే చూపుడు వేలితో కొట్టినవే. మొదటిది తలుపు చెక్క మీద కొట్టినట్టు అక్కడికక్కడే ఆగిపోయింది, రెండోది మోగింది. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు నాకు పంపే వీడియోల్లో ఎక్కువగా వినిపించేది మొదటిదే, కింద మాత్రం “సార్, మృదంగం మార్చమంటారా?” అని ఉంటుంది. మార్చకండి, డబ్బులు దండగ.

త ది తొం నం, మృదంగం మొదటి పాఠంలో వచ్చే నాలుగు దెబ్బల పేర్లు, మీకు తెలిసిందే. ‘త’ ఎడమచేతి నాలుగు వేళ్లూ కలిపి ఎడమ మూత మీద, అంటే తొప్పి మీద, మూసి కొట్టేది. ‘ది’ కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు మూడూ కలిసి కుడి మూత మీదున్న నల్లటి మచ్చ, అంటే కరణ, మధ్యలో పడాలి. ‘తొం’ మళ్లీ ఎడమచెయ్యే, కాకపోతే పై అంచు దగ్గర కొట్టి వెంటనే తీసేయాలి, అప్పుడే గుమ్మని వస్తుంది. ఒక్కో చోట వేళ్లు కాస్త వేరుగా వేయిస్తారు, మీ గురువుగారు ఎలా చెప్తే అలాగే వేయండి, నా వీడియో చూపించి ఆయనతో వాదనకు దిగొద్దు. ఈ మూడు దెబ్బలూ నాలుగు రోజులు కూర్చుంటే దారికొస్తాయి. ‘నం’ రాదు. నాకు నాలుగు నెలలు పట్టింది, మా గురువుగారేమో తిట్టరు, మెచ్చుకోరు, కళ్లు మూసుకుని “మళ్లీ” అంటారంతే.

కెమెరా కిందికి దించుతున్నా, నా కుడిచెయ్యి చూడండి. ఉంగరపు వేలు కరణ అంచు మీద ఆని ఉంది. ఆని ఉంది అంటున్నా, నొక్కి ఉంది అనట్లేదు. ఇడ్లీ ఉడికిందో లేదో చూడ్డానికి వేలు పెడతాం కదా, అంత. చూపుడు వేలు పడేది మాత్రం కరణ మీద కాదు, ఈ చివర వలయంలా ఉన్న తోలు మీద, దీన్నే మీటు అంటాం. పడగానే వేడి పెనం తగిలినట్టు లేచిపోవాలి. దెబ్బ గట్టిగా కొట్టినా ఫర్వాలేదు, లేవడం ఆలస్యమైతే మాత్రం నాదాన్ని మీ వేలే నొక్కేస్తుంది.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. ఉంగరపు వేలు పూర్తిగా తీసేసి అదే చోట కొడుతున్నా... విన్నారా, కిందిస్థాయిలో బొంయ్‌మని ఏదో వచ్చింది. వేలు ఆనించి కొడుతున్నా... ఆ కింది మోత పోయి పైస్వరం శుభ్రంగా నిలబడింది. అంటే ఆ వేలు ఊరికే అక్కడ విశ్రాంతి తీసుకోవట్లేదు, తోలు మొత్తం ఒక్కసారిగా ఊగకుండా ఆపి, వేలికి అటూ ఇటూ రెండు సగాలుగా ఊగేలా చేస్తోంది. మామూలు డ్రమ్ములో ఇంత స్పష్టమైన స్వరం రాదు, ఇక్కడ రావడానికి కారణం ఈ నల్లటి కరణ బరువు. సి.వి. రామన్ 1920లోనే దీని గురించి ‘నేచర్’ పత్రికలో రాశారు, మన మృదంగం, తబలాల మోతల్లో పైస్వరాలు తీగ వాద్యంలోలాగా లెక్కకు కుదురుతాయని చూపించారు. నాకు ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ నాలుగు నెలలూ వేలు నొక్కిపట్టి కూర్చునేవాణ్ని కాదు.

వేలు సరిగ్గానే ఉన్నా మోగట్లేదంటే శ్రుతి చూడండి. చుట్టూ 16 చోట్లా కొట్టి వినండి, ఒక చోట ఎక్కువ, ఇంకో చోట తక్కువ ఉంటే ‘నం’ వణుకుతుంది. తగ్గిన చోట అంచు మీద పుల్ల పెట్టి పైనుంచి రాయితో మెల్లగా తట్టాలి, పెరిగిన చోట కిందినుంచి. కొత్తవాళ్లు గురువుగారు పక్కన లేకుండా రాయి పట్టుకోవద్దు. తోలు చిరిగితే ఆ ఖర్చు మీదే. తొప్పికి అద్దే బొంబాయి రవ్వ ముద్ద కూడా తడిగా ఉండాలి, ఒకసారి ఏసీ హాల్లో నాది కచేరీ మధ్యలో ఎండిపోయి ‘తొం’ మెల్లమెల్లగా పైకి పాకింది, పాడేవాళ్లు వెనక్కి తిరిగి ఒక చూపు చూశారు, ఇప్పటికీ గుర్తే.

ఎడమచేతి వాటం వాళ్లు కూడా అడుగుతున్నారు. మృదంగం తిప్పి పెట్టుకోండి, అంతే, నేను కుడి అన్న చోటల్లా మీకు ఎడమ. మృదంగ విద్వాంసుడు పళని సుబ్రహ్మణ్య పిళ్లైది ఎడమచేతి వాటమే, ఆయన స్థాయి గురించి నేను చెప్పక్కర్లేదు.

సాధన ఇలా. మెట్రోనోమ్, అంటే లయ టిక్కుటిక్కుమని చూపించే యంత్రం, నిమిషానికి 60లో పెట్టండి. ఆది తాళం, 8 అక్షరాలు. మొదటి కాలంలో, అంటే మొదటి వేగంలో, దెబ్బకో అక్షరం, ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టు తిరిగేసరికి, త ది తొం నం రెండుసార్లు వస్తుంది. రెండో కాలంలో నాలుగుసార్లు, మూడో కాలంలో ఎనిమిది. మూడో కాలంలో ‘నం’ మళ్లీ టక్కుమంటే సిగ్గుపడకుండా మొదటి కాలానికి వచ్చేయండి. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు రాత్రిళ్లు తొడ మీద వాయించుకోవచ్చు, వేళ్ల వరసకు అది చాలు, నాదం మాత్రం పగలు మృదంగం మీదే వెతుక్కోవాలి.

పట్టండి, నాతోపాటు, మొదటి కాలం. త... ది... తొం... నం...