రూక్‌వుడ్ శ్మశానం పక్కన పూసే పొద: డౌనీ వాటిల్

అందరికీ నమస్కారమండీ. ఆదివారం పూట పిల్లల్ని కూడా తీసుకుని వచ్చారు, చాలా సంతోషం. సిడ్నీలో మనవాళ్ళు ఎక్కువమంది వెంట్‌వర్త్‌విల్, టూంగాబీ, పారామట్టా వైపే ఉంటాం కదా, అక్కడికి దగ్గర్లోనే బ్యాంక్స్‌టౌన్, ఫెయిర్‌ఫీల్డ్, రూక్‌వుడ్ చుట్టూ ఒక పొద పెరుగుతుంది, ఇంకొంచెం పైకి పిట్ టౌన్ దగ్గర కూడా ఉంది. సిడ్నీ చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అది తనంతట తాను మొలవదు. డౌనీ వాటిల్ అంటారు, సైన్స్ పేరు అకేసియా ప్యుబెసెన్స్.

వాటిల్ అంటే మన తడికేనండీ. తొలిరోజుల్లో ఇక్కడికొచ్చిన ఇంగ్లీషువాళ్ళు సన్నకొమ్మలతో తడికలు అల్లి మట్టి మెత్తి గోడలు కట్టుకున్నారు, ఆ మాటే చెట్లకి పేరైపోయింది. చూడ్డానికి మన తుమ్మకి చుట్టమే, అవే చిన్నచిన్న ఆకులు, అవే పసుపు బంతుల్లాంటి పూలు, ముళ్ళు మాత్రం ఉండవు. ఒకప్పుడు మన నల్లతుమ్మ కూడా అకేసియానే, 2005లో వియన్నాలో వృక్షశాస్త్రవేత్తలు ఆ పేరు ఆస్ట్రేలియా చెట్లకి ఉంచేశారు, మన తుమ్మ వాచెల్లియా అయింది.

డౌనీ అన్నా ప్యుబెసెన్స్ అన్నా నూగు అనే. కొమ్మ మీద వేలు పెట్టి చూడండి, మెత్తగా తగుల్తుంది. ఎత్తు 1 నుంచి 5 మీటర్లు, ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా పూస్తుంది. ఈ అందం చూసే 1790 కల్లా ఇంగ్లండ్ తీసుకెళ్ళిపోయారు. నెపోలియన్ భార్య జోసెఫీన్ తోట మాల్మెసోన్ మీద వేసిన పుస్తకంలో ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త వాంతెనా 1803లో దీన్ని మొదట వర్ణించాడు. మహారాణుల తోటల్లో ముద్దుగా పెరిగిన మొక్క సొంత ఊళ్ళో రోడ్డు పక్కన, రైలు పట్టాల పక్కన, చెత్త పారబోసే చోట మిగిలిందంటే నాకు నిజంగా బాధేస్తుందండీ.

ఎందుకలా అయిందంటే, దానికి కావాల్సిన నేలే మనకీ కావాలి. షేల్ అనే పొరలు పొరలుగా ఉండే మట్టిరాయి అరిగి అయిన బంకమట్టి, అందులో మన మొరం లాంటి ఇనుపరాతి గులకలు, పైన ఐరన్‌బార్క్ అనే యూకలిప్టస్ చెట్ల పల్చటి నీడ, అదీ దాని ఇల్లు. మనముండే ఈ పశ్చిమ సిడ్నీ నేలని కంబర్‌లాండ్ మైదానం అంటారు, వేల ఏళ్ళుగా ఇది ఇక్కడి ఆదివాసులైన దారుగ్ ప్రజల భూమి, తర్వాత పొలాలయ్యాయి, తర్వాత ఇళ్ళయ్యాయి, మన ఇళ్ళు కూడా అందులోవే, ఇక్కడి పాత అడవిలో ఇప్పుడు పదో వంతు కూడా లేదు. రూక్‌వుడ్‌లో మిగలడానికి కారణం అది శ్మశానం కావడమే, 1860ల నుంచీ అక్కడ ఇళ్ళు కట్టలేదు. మనలో కొందరు అంత్యక్రియలకి అక్కడికి వెళ్ళే ఉంటారు, పక్కనే ఇదుందని తెలిసుండదు.

అసలు చిక్కు ఇంకోటుంది. ఇది గింజలతో తక్కువ, వేళ్ళ నుంచి వచ్చే పిలకలతోనే ఎక్కువ పెరుగుతుంది, మన అరటి పిలకల్లాగా అనుకోండి. ఒకచోట వంద కాడలు కనిపించినా అవన్నీ భూమిలోపల ఒకే మొక్క అయ్యుండొచ్చు, అందుకే ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడమే కష్టం, పైగా అన్నీ ఒకటే అయితే ఒక జబ్బొచ్చినా అన్నిటికీ ఒకేసారి రావచ్చు. గింజ కొద్దిగానే కాస్తుంది, అదీ గట్టి పెంకుతో నేలలో నిద్రపోతుంది, మంట తగిలితే పెంకు పగిలి మొలుస్తుంది. మంట మంచిదే కదా అని తరచూ తగలబెడితే మాత్రం లాభం లేదు, నేలలో మళ్ళీ సరిపడా గింజలు చేరాలంటే రెండు మంటల మధ్య కనీసం 5 నుంచి 7 ఏళ్ళయినా ఆగాలి.

అందుకే గడ్డి కోసే మెషీన్ దీనికి గొడ్డలితో సమానం. ఏటా పిలకల్ని కోసేస్తుంటే పూతకే రాదు. లాన్ చెత్త, తోటలో పీకేసిన మొక్కలు పొదల్లో పడేయకండి, వాటితో వచ్చిన కలుపు దీన్ని కప్పేస్తుంది. పిలక తవ్వి ఇంటికి తెచ్చుకుందాం అని కూడా అనుకోవద్దు, ఇది చట్టం కాపాడుతున్న మొక్క.

ఇప్పుడు పిల్లలు స్క్రీన్ వైపు చూడండి, మూడు ఫోటోలు పెడుతున్నా. ఒకటి కూటమండ్రా వాటిల్, దాని ఆకు నీలం బూడిద రంగులో ఉంటుంది. ఒకటి పారామట్టా వాటిల్, అది చెట్టంత అవుతుంది, ఎండాకాలంలో పూస్తుంది. మూడోది మనది. నూగు ఏ కొమ్మ మీద ఉందో ముందు ఎవరు చెప్తారు?