మెడలో నంబరు, చేతిలో చిన్న పెట్టె

అందరికీ నమస్కారం. ఈ శనివారం మా అమ్మాయిని తీసుకుని లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియానికి వచ్చాను. ప్రవేశం ఉచితం. గుమ్మం ముందు రెండు పెద్ద నౌకా ఫిరంగులు ఉంటాయి, వచ్చినవాళ్లందరూ ముందు అక్కడే ఫొటోలు దిగుతారు. మేము ఆగకుండా హోలోకాస్ట్, అంటే హిట్లర్ నాజీలు లక్షలాది యూదులను చంపిన మారణకాండ, గురించిన గ్యాలరీలకు వెళ్లాం. వాటిని 2021లో కొత్తగా తీర్చిదిద్ది తెరిచారు. లోపల కెమెరా తీయడానికి నాకు మనసొప్పలేదు. అందుకని అక్కడి సంగతి మాటల్లోనే చెబుతాను.

నన్ను కదలనివ్వకుండా నిలబెట్టింది కిండర్‌ట్రాన్స్‌పోర్ట్ కథ, అంటే నాజీల చేతికి చిక్కకుండా పిల్లలను బ్రిటన్‌కు తరలించిన కథ. 1938 నవంబరు 9, 10 తేదీల్లో జర్మనీలో, ఆస్ట్రియాలో నాజీలు యూదుల ప్రార్థనా మందిరాలను తగలబెట్టారు, దుకాణాలను ధ్వంసం చేశారు, దాదాపు 30,000 మంది మగవాళ్లను పట్టుకుపోయారు. ఆ తర్వాతే బ్రిటన్ ప్రభుత్వం పదిహేడేళ్ల లోపు పిల్లలను రానివ్వడానికి ఒప్పుకుంది. పిల్లలను మాత్రమే. తల్లిదండ్రులు రాకూడదు. పిల్లల భారం ప్రభుత్వం మీద పడకుండా తలకు 50 పౌండ్ల పూచీ కావాలన్న షరతు కూడా తర్వాత వచ్చింది. డిసెంబరు 2న సుమారు 200 మందితో మొదటి ఓడ హార్విచ్ రేవుకు చేరింది. యుద్ధం మొదలయ్యేలోగా దాదాపు 10,000 మంది పిల్లలు వచ్చారు.

ఒక్కొక్కరి మెడలో దారం కట్టిన అట్టచీటీ, దాని మీద నంబరు. తాము మోయగలిగినంత చిన్న పెట్టె ఒకటి. పది మార్కుల (అప్పటి జర్మనీ నాణెం) డబ్బు. విలువైన వస్తువు ఏదీ వెంట తీసుకురాకూడదు. నేను ఈ దేశానికి వచ్చిన రోజున నా పెట్టె బరువు ఎక్కువైందని విమానాశ్రయంలో కూర్చుని ఎంత సేపు సర్దానో గుర్తొచ్చింది. నా పెట్టె నేను సర్దుకున్నాను. ఆ పిల్లల పెట్టెలు వాళ్ల అమ్మలు సర్దారు. ఏడేళ్ల పిల్లకు వచ్చే ఏడాదికి సరిపోయే గౌను పెట్టాలా, ఇప్పటిది పెట్టాలా? మళ్లీ ఎప్పుడు చూస్తానో తెలియని తల్లి ఏ కొలత ప్రకారం సర్దుతుంది? నేను ఆ ప్రశ్న దగ్గరే ఉండిపోయాను.

పదివేల మందిని కాపాడారని చెప్పుకుంటారు, అది నిజం, గొప్ప పని. కానీ అదే నిబంధన తల్లిదండ్రులకు తలుపు మూసింది. కొన్ని స్టేషన్లలో వాళ్లను ప్లాట్‌ఫారం మీదికి కూడా రానివ్వలేదు, బయటి గదిలోనే వీడ్కోలు చెప్పుకోవాల్సి వచ్చింది. చాలామంది పిల్లలు అమ్మానాన్నలను మళ్లీ చూడలేదు. ఇది చెప్పకుండా మొదటి మాట ఒక్కటే చెబితే నాకు కోపం వస్తుంది.

అక్కడి నుంచి లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌కు వచ్చాం. హార్విచ్‌లో దిగిన పిల్లల్లో చాలామంది రైలెక్కి ఇక్కడికే చేరారు. ఇప్పుడు మీరు చూస్తున్న ఈ కంచు విగ్రహాలు 2006లో ఫ్రాంక్ మైస్లర్ చేసినవి. అయిదుగురు పిల్లలు, పక్కన వాళ్ల పెట్టెలు. మైస్లర్ కూడా 1939లో డాన్‌జిగ్ (ఇప్పుడు పోలండ్‌లోని గ్డాన్‌స్క్) నుంచి అలా వచ్చిన పిల్లవాడే. ఆయన బయలుదేరిన మూడు రోజులకే తల్లిదండ్రులను అరెస్టు చేశారు. వాళ్లు నాజీల మృత్యు శిబిరం ఆష్‌విట్జ్‌లో చనిపోయారు. చుట్టూ ఉన్న రాళ్ల మీద పిల్లలు బయలుదేరిన నగరాల పేర్లు ఉన్నాయి, మా అమ్మాయి ఒక్కొక్కటే పైకి చదివింది.

నికొలస్ వింటన్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. ప్రాగ్ నుంచి 669 మంది పిల్లలు రావడానికి పాటుపడిన వాళ్లలో ఆయన ఒకరు. అక్కడ దాదాపు 250 మందితో మరో రైలు 1939 సెప్టెంబరు 1న బయలుదేరాల్సింది. ఆ రోజే జర్మనీ పోలండ్ మీద దాడి చేసింది. ఆ రైలు కదలలేదు.

యుద్ధం వచ్చాక మామూలు ఉత్తరాలు ఆగిపోయాయి. రెడ్‌క్రాస్ ద్వారా పంపే సందేశమే మిగిలింది, అందులో 25 మాటలకు మించి రాయకూడదు. తిరుగు బస్సులో మా అమ్మాయి ఫోను తీసి, నాకు రాస్తున్నట్టుగా 25 మాటల్లో ఒక సందేశం రాయడానికి ప్రయత్నించింది. చాలాసేపు రాసింది, చెరిపింది, వేళ్ల మీద లెక్కపెట్టింది. చివరికి తలెత్తి, "మాటలు అయిపోయాయమ్మా, నువ్వెలా ఉన్నావని ఇంకా అడగనే లేదు" అంది.