యాక్టివ్ అని కనిపించినంత మాత్రాన వీపీఎన్ పనిచేస్తున్నట్టు కాదు

[తెర: డెస్క్‌టాప్. వీపీఎన్ యాప్‌లో ఆకుపచ్చ గుర్తు, పక్కన ‘యాక్టివ్’. వెనకాల బ్రౌజర్‌లో పేజీ తెరుచుకోక గుండ్రంగా తిరుగుతోంది.]

చూస్తున్నారుగా? యాప్ ఏమో ‘యాక్టివ్’ అంటోంది. బ్రౌజర్ ఏమో ఉలుకూ పలుకూ లేకుండా తిరుగుతోంది. ఇంటి కంప్యూటర్లో వీపీఎన్ పెట్టుకున్న మొదటి రోజు చాలామందికి ఎదురయ్యేది ఇదే. నాకూ ఎదురైంది, ఆ కథ కాసేపట్లో చెబుతాను. ఇన్‌స్టాల్ చేయడం అయిదు నిమిషాల పని. అది నిజంగా పనిచేస్తోందా లేదా అని తేల్చుకోవడంలోనే తిప్పలన్నీ. అందుకే ఈ వీడియోలో ఎక్కువ టైమ్ దానికే ఇస్తున్నాను.

[తెర: బొమ్మ. ఇంటి కంప్యూటర్, రూటర్, దూరంగా సర్వర్. మధ్యలో గొట్టం.]

ముందు రెండు ముక్కల్లో సంగతి. వీపీఎన్ అంటే మీ కంప్యూటర్ నుంచి ఎక్కడో ఉన్న ఒక సర్వర్ దాకా వేసిన గొట్టం అనుకోండి. డేటా ఇక్కడ తాళం వేసుకుని గొట్టంలో దూరుతుంది, అవతలి చివర తాళం తీస్తారు. మధ్యలో ఉన్న మీ ఇంటర్నెట్ కంపెనీకి ఏదో వెళ్తోందని తెలుస్తుంది కానీ లోపల ఏముందో కనబడదు. అయితే అవతలి చివర కూర్చున్నవాళ్లకి మీరు ఏయే సైట్లకి వెళ్తున్నారో తెలుస్తుంది. ఇన్నాళ్లూ ఇంటర్నెట్ కంపెనీని నమ్మారు, ఇప్పుడు వీళ్లని నమ్ముతున్నారు, అంతే. పైగా వీపీఎన్ ఆన్ చేసుకుని మీ సొంత అకౌంట్‌లోకి లాగిన్ అయితే, ముసుగు వేసుకుని వెళ్లి గుమ్మంలో పేరు చెప్పినట్టే.

[తెర: ఫోల్డర్‌లో రెండు ఫైళ్లు. ఒకదాని చివర డాట్ కాన్ఫ్, ఇంకోదాని చివర డాట్ ఓవీపీఎన్.]

ఏ సాఫ్ట్‌వేర్ దించుకోవాలి అని అడిగే ముందు మీ చేతికి ఏమిచ్చారో చూసుకోండి. ఇచ్చింది మీ ఆఫీసు కావచ్చు, కాలేజీ కావచ్చు, మీరు డబ్బు కట్టిన సర్వీసు కావచ్చు. ఫైల్ పేరు డాట్ కాన్ఫ్ అని ముగిస్తే అది దాదాపుగా వైర్‌గార్డ్ అనే రకం వీపీఎన్. డాట్ ఓవీపీఎన్ అని ముగిస్తే ఓపెన్‌వీపీఎన్ అనే ఇంకో రకం. ఫైల్ ఏమీ లేకుండా సర్వర్ అడ్రస్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మాత్రమే ఇచ్చారంటే విండోస్‌లో ముందే ఉన్న క్లయింట్, అంటే మన వైపు నుంచి కనెక్ట్ చేసే ప్రోగ్రాం, సరిపోవచ్చు. అప్పుడు ‘ఇది ఏ రకం వీపీఎన్’ అని వాళ్లని అడిగి తీరాలి.

వాళ్లు పీపీటీపీ అనే పాత రకం పేరు చెబితే మాత్రం వద్దనండి. దాని పాస్‌వర్డ్ పద్ధతిని ఛేదించవచ్చని 2012లోనే బహిరంగంగా చూపించారు. యాపిల్ అయితే 2016లో వచ్చిన మ్యాక్ ఓఎస్ సియెర్రా నుంచి దాన్ని తీసేసింది. విండోస్ జాబితాలో మాత్రం ఇంకా కనబడుతుంటుంది. కనబడింది కదా అని ఎంచుకోకండి.

క్లయింట్ యాప్‌ని అది తయారుచేసినవాళ్ల సైట్ నుంచే దించుకోండి. సెర్చ్‌లో అన్నిటికంటే పైన వచ్చింది ప్రకటన కావచ్చు, తొందరపడి నొక్కకండి. అడ్రస్ బార్‌లో స్పెల్లింగ్ ఒకసారి చూసుకోండి. మీ మొత్తం ఇంటర్నెట్‌ని ఒక ప్రోగ్రాం చేతిలో పెడుతున్నారు, ఆ మాత్రం జాగ్రత్త తప్పదు.

[తెర: వైర్‌గార్డ్ ఇన్‌స్టాల్ అవుతోంది. విండోస్ అనుమతి అడిగే కిటికీ.]

నేను వైర్‌గార్డ్‌తో చూపిస్తాను. జేసన్ డోనెన్‌ఫెల్డ్ రాసిన ప్రోగ్రాం ఇది. 2020 మార్చిలో వచ్చిన లినక్స్ కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) 5.6లో భాగమైపోయింది. దీంట్లో నొక్కాల్సిన బటన్లు తక్కువ, అందుకే నాకు ఇష్టం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడ్మిన్ అనుమతి అడుగుతుంది. అనుమానపడక్కర్లేదు. మీ కంప్యూటర్లో ఒక కొత్త నెట్‌వర్క్ కార్డు ఉన్నట్టుగా నటించే డ్రైవర్‌ని పెట్టాలి కాబట్టి అడుగుతోంది. మ్యాక్‌లో అయితే ‘వీపీఎన్ కాన్ఫిగరేషన్ చేర్చమంటారా’ అని అడుగుతుంది, అలౌ నొక్కండి.

యాప్ తెరిచి, ఇంపోర్ట్ నొక్కి, మీ ఫైల్‌ని చూపించండి. ఇక్కడ ఒక చిన్న తమాషా ఉంది. అదే ఫైల్‌ని రెండుసార్లు దించుకుంటే బ్రౌజర్ పేరు చివర బ్రాకెట్లో 1 అని తగిలిస్తుంది కదా? విండోస్‌లో వైర్‌గార్డ్ ఫైల్ పేరునే గొట్టానికి పేరుగా పెట్టుకుంటుంది, ఖాళీలు, బ్రాకెట్లు ఉంటే ఒప్పుకోదు. ఫైల్ బాగానే ఉంటుంది, తప్పంతా పేరుదే. చిన్నగా ‘ఇల్లు’ అనో ‘ఆఫీసు’ అనో ఇంగ్లీషు అక్షరాల్లో మార్చేయండి.

[తెర: ఫైల్ లోపలి లైన్లు. ప్రైవేట్ కీ ఉన్న లైన్ నల్లగా కప్పి ఉంది.]

ఫైల్ లోపల ఏముందో ఒకసారి చూడండి, పది లైన్లు కూడా ఉండవు. పై భాగం మీది. ప్రైవేట్ కీ, గొట్టంలో మీకిచ్చిన అడ్రస్, డీఎన్‌ఎస్ అంటే సైట్ పేర్లకి అడ్రసులు చెప్పే సర్వర్. కింది భాగం అవతలివాళ్లది. వాళ్ల పబ్లిక్ కీ, ఎండ్‌పాయింట్ అంటే వాళ్ల సర్వర్ అడ్రస్, పోర్టు. పోర్టు అంటే ఆ అడ్రస్‌లో ఏ తలుపు తట్టాలో చెప్పే అంకె, సాధారణంగా 51820. నేను నల్లగా కప్పిన ఆ ప్రైవేట్ కీ మీ ఇంటి తాళంచెవితో సమానం. సాయం అడుగుతూ స్క్రీన్‌షాట్ పెట్టేటప్పుడు దాన్ని కప్పకుండా పెట్టేవాళ్లు ఎంతమందో! పెట్టేశారా? ఇచ్చినవాళ్లకి చెప్పి కొత్త కీ తీసుకోండి. పోస్టు డిలీట్ చేసినా లాభం లేదు.

అలౌడ్ ఐపీస్ అనే లైన్ దగ్గర కాస్త ఆగండి. ఏ డేటా గొట్టంలోకి వెళ్లాలో చెప్పేది ఇదే. అక్కడ 0.0.0.0/0 అని ఉంటే మీ ఇంటర్నెట్ అంతా గొట్టం గుండానే. 10.8.0.0/24 లాంటిది ఉంటే ఆ అడ్రసులకి వెళ్లేది మాత్రమే గొట్టంలోకి, మిగతాదంతా మామూలు దారిలో. ఇది గుర్తుంచుకోండి, చెక్ చేసేటప్పుడు దీంతో పని పడుతుంది.

[తెర: యాక్టివేట్ బటన్ నొక్కుతారు. ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది.]

యాక్టివేట్ నొక్కాను. ఆకుపచ్చ వెలిగింది. ఇంకా సంబరపడకండి.

వైర్‌గార్డ్‌లో ‘యాక్టివ్’ అంటే మన వైపు గొట్టం నోరు తెరుచుకుందని మాత్రమే అర్థం. అవతల సర్వర్ బతికుందో లేదో దాంతో తెలియదు. సర్వర్ అడ్రస్‌లో ఒక అంకె తప్పుగా రాసి చూడండి, అప్పుడూ ఆకుపచ్చే వెలుగుతుంది. చూడాల్సింది కింద ఉన్న రెండు లైన్లు. లేటెస్ట్ హ్యాండ్‌షేక్, అంటే రెండు వైపులా చివరగా ఎప్పుడు పలకరించుకున్నాయో చెప్పేది ఒకటి, ట్రాన్స్‌ఫర్, అంటే ఎంత డేటా వెళ్లింది, ఎంత వచ్చింది అని చెప్పేది ఇంకొకటి. హ్యాండ్‌షేక్ లైన్ అసలు కనబడకపోతే అవతలి నుంచి జవాబే రాలేదన్నమాట. ట్రాన్స్‌ఫర్‌లో సెంట్ (పంపింది) అంకె పెరుగుతూ, రిసీవ్డ్ (అందింది) మాత్రం సున్నా దగ్గరే ఉంటే మీరు గోడతో మాట్లాడుతున్నారు. డేటా నడుస్తున్నంతసేపూ సుమారు రెండు నిమిషాలకోసారి రెండు వైపులా కొత్త తాళాలు మార్చుకుంటాయి కాబట్టి, ఏదో పేజీ తెరుస్తూ ఉండగా హ్యాండ్‌షేక్ పది నిమిషాల కిందటిది అని చూపిస్తే గొట్టం తెగిందనే లెక్క.

ఇక నా కథ. డెస్క్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడుస్తోంది కదా అని అదే ఫైల్‌ని లాప్‌టాప్‌లోకి కాపీ చేసుకున్నాను. ఆ మర్నాటి నుంచి చుక్కలు కనబడ్డాయి. కాసేపు వస్తుంది, కాసేపు పోతుంది. రూటర్ ఆపి వేశాను, కేబుల్ మార్చాను, యాప్ తీసేసి మళ్లీ పెట్టాను. లాప్‌టాప్ పక్క గదిలో మూత తెరిచే ఉందన్న సంగతి నాకు తట్టనే లేదు. సర్వర్‌కి ఒక కీ అంటే ఒక మనిషి. ఆ కీతో చివరగా ఎవరు పలకరిస్తే వాళ్లకే జవాబు పంపుతుంది. రెండు కంప్యూటర్లూ ఒకే కీతో పిలుస్తుంటే ఒకసారి వీడికి, ఒకసారి వాడికి. రెండిట్లోనూ ఆకుపచ్చే! మూడు గంటలు తలపట్టుకున్నాక, లాప్‌టాప్ చార్జింగ్ అయిపోయి ఆగిపోయింది. డెస్క్‌టాప్ బాగుపడింది. అలా తెలిసింది. ఒక్కో కంప్యూటర్‌కి ఒక్కో ఫైల్ అడిగి తీసుకోండి.

[తెర: రెండు బ్రౌజర్ కిటికీలు పక్కపక్కన. ‘ముందు’, ‘తర్వాత’.]

ఇప్పుడు చెక్ చేద్దాం. వీపీఎన్ ఆపేసి, మీ ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్‌లో మీ చిరునామాగా కనబడే అంకె, చూపించే ఏదైనా సైట్ తెరిచి అంకె రాసుకోండి. ఆన్ చేసి మళ్లీ చూడండి. ఫైల్‌లో 0.0.0.0/0 ఉంటే అంకె మారి తీరాలి. కొన్ని అడ్రసులే ఉన్న ఫైల్ అయితే అంకె మారదు, అది తప్పు కాదు. అలాంటప్పుడు అవతలి నెట్‌వర్క్ లోపల మాత్రమే తెరుచుకునే పేజీ ఏదైనా తెరిచి చూడాలి.

ఆ సైట్ రెండు అడ్రసులు చూపిస్తే రెండోదీ చూడండి. పొడుగ్గా కోలన్లతో ఉండేది ఐపీవీ6 అనే కొత్త రకం ఐపీ అడ్రస్. మొదటిది మారి ఇది పాతదే ఉందంటే కొంత డేటా గొట్టం బయట నుంచే పోతోంది. ఇంటర్నెట్ అంతా గొట్టంలో వెళ్లాలంటే అలౌడ్ ఐపీస్‌లో ::/0 కూడా ఉండాలి.

[తెర: ప్రింటర్ దగ్గర కాగితం రాక ఖాళీగా ఉన్న ట్రే.]

వీపీఎన్ పెట్టాక ఇంట్లో ప్రింటర్ పలకడం మానేసిందా? విండోస్ వైర్‌గార్డ్‌లో గొట్టం బయటి ట్రాఫిక్‌ని ఆపేసే టిక్ ఒకటి ఉంటుంది, అదే కిల్ స్విచ్. గొట్టం ఆన్‌లో ఉన్నంతసేపూ దాని గుండా వెళ్లని డేటాని ఆపేస్తుంది. ఆ దెబ్బకి ఇంట్లోని ప్రింటర్ కూడా బయటివాడైపోతుంది. ప్రింట్ తీసుకునేటప్పుడు తీసేసి, తర్వాత పెట్టుకోండి.

ఆఫీసు వీపీఎన్ వాడేవాళ్లకి ఇంకో చిక్కు. మీ ఇంటి రూటర్ ఇచ్చే అడ్రసులు 192.168.1తో మొదలై, అవతలి నెట్‌వర్క్ కూడా 192.168.1 అయితే, అవతలి సర్వర్ కోసం మీ కంప్యూటర్ ఇంట్లోనే వెతుక్కుంటుంది. హ్యాండ్‌షేక్ బాగుంటుంది, ఆ ఒక్క సర్వర్ మాత్రం తెరుచుకోదు. ఇంటి రూటర్ సెట్టింగ్స్‌లో ఆ అంకెని 192.168.47 లాంటిదానికి మార్చుకుంటే గొడవ వదిలిపోతుంది. అన్నట్టు, రూటర్‌లోకి వెళ్లారు కదా అని పోర్టులు తెరవకండి. అది సర్వర్ పెట్టేవాళ్ల పని, క్లయింట్‌కి అక్కర్లేదు.

[తెర: ఓపెన్‌వీపీఎన్ గుర్తు టాస్క్‌బార్ మూలన, పసుపు నుంచి ఆకుపచ్చకి.]

ఓపెన్‌వీపీఎన్ వాళ్లకి కొత్తగా చెప్పేది తక్కువ. 2001 నుంచి ఉన్న పాత కాపు. ఫైల్ ఇంపోర్ట్ చేసి, కనెక్ట్ నొక్కి, పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వడమే. సర్వర్ ఒప్పుకున్నాకే ఆకుపచ్చ వెలుగుతుంది కాబట్టి ఈ రంగుని కాస్త నమ్మవచ్చు. తేడా వస్తే లాగ్, అంటే యాప్ రాసుకునే చిట్టా, తెరిచి చివరి నాలుగు లైన్లు చదవండి. సర్టిఫికెట్ (గుర్తింపు పత్రం లాంటి ఫైల్) ఇంకా చెల్లదు అని కనిపిస్తే ముందు మీ కంప్యూటర్ గడియారం చూసుకోండి. తేదీ వెనక్కి పోయిన కంప్యూటర్‌కి నిన్న ఇచ్చిన సర్టిఫికెట్ రేపటిదిలా కనబడుతుంది. డేటా పంపడానికి యూడీపీ, టీసీపీ అని రెండు పద్ధతులున్నాయి, వైర్‌గార్డ్ యూడీపీ మీద మాత్రమే నడుస్తుంది. మీరున్న నెట్‌వర్క్ యూడీపీని అడ్డుకుంటే, టీసీపీ 443 పోర్టులో నడిచే ఓపెన్‌వీపీఎన్ ఉందేమో అడగండి.

విండోస్ సొంత క్లయింట్ అయితే సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వీపీఎన్, యాడ్ వీపీఎన్. రకం దగ్గర ఆటోమేటిక్ అని వదిలేయకుండా వాళ్లు చెప్పినదే ఎంచుకోండి.

[తెర: మొదట్లో చూసిన డెస్క్‌టాప్. యాప్‌లో ఎండ్‌పాయింట్ లైన్ పెద్దగా కనిపిస్తుంది.]

మొదట్లో చూపించిన ఈ కంప్యూటర్ సంగతి మిగిలిపోయింది. ఎండ్‌పాయింట్ చూడండి, పోర్టు 51280 అని ఉంది. ఈ వీడియో కోసం నేనే అంకెలు తారుమారు చేశాను. 51820 అని దిద్ది, సేవ్ చేసి, మళ్లీ యాక్టివేట్ నొక్కుతున్నాను. ఆకుపచ్చ ఇందాకటి ఆకుపచ్చే. కింద చూడండి, హ్యాండ్‌షేక్ లైన్ వచ్చింది. రిసీవ్డ్ కదిలింది. అదిగో, పేజీ తెరుచుకుంది.